నీడ కిరాయి

అచ్చంపేట రోడ్డుల మా టెంట్ హౌసు.
ఇరవై రెండేండ్ల సంది కల్వకుర్తికి నేను నీడ అమ్ముతున్న.
అమ్ముడు గాదు, కిరాయి.
లగ్గానికో రేటు, దినాలకో రేటు,
లీడర్ల మీటింగైతే పైసలు ముందే.
ఏ పూట ఏ గోడ నీడ ఎంత దూరం వడ్తదో
కండ్లు మూసుకొని చెప్త.

అసొంటోని కుక్కను ఎండ కాల్చింది.

పేరు సుద్ద.
ముక్కు నల్లగుండదు, జామపండు లోపలి రంగు.
చెవులు ఎంత పలుచనంటే
పొద్దుకు ఎదురుంగ నిలవడితే
లోపలి నరాలు లెక్కవెట్టొచ్చు.
ఉగాది ఎల్లినంక గోమార్లు వట్టినయని
సెలూన్ బాలకిష్టయ్య దగ్గర మిషన్ అడుక్కొచ్చి
నేనే గొరిగిన.
సల్లగుంటదనుకున్న,
మనం అంగీ ఇప్పినట్టు.

వారం తిరగలే.
వీపు కందింది, పొరలు లేసింది,
ఉడకవెట్టిన ఆలుగడ్డ తోలు లెక్క.
చెవుల కొసలు చెక్కు గట్టినయి.
వెల్లకిల పండుడు దాని అలవాటు,
పొట్ట మీద గూడ ఎర్ర మచ్చలు.
గీక్కుంటది, నా మొకం చూస్తది.
అలివేలు పసుపు తెచ్చింది,
నేను మందుల దుకాన్ల తెల్ల క్రీం తెచ్చిన.

పశువుల దవాఖానల సువార్త మేడం
నన్ను కొట్టుడొక్కటే తక్కువ.
"నాకకుండ ఉంటదా అది?
ఆ జింకు కడుపులకు వోతే ఆగమైతది.
బొచ్చంటే చలికోటు అనుకున్నవా?
దాని గొడుగయ్యా అది. నువ్వే ఇరగ్గొట్టినవ్."
పదింటి నుంచి నాలుగింటి దాంక బయట తిప్పొద్దన్నది.
చెవి పుండు నెల దాటినా మానకుంటే
మళ్ల తీస్కరమ్మన్నది.
ఎందుకని నేనడగలే.

అలివేలు పాత నూలు జాకెట్ ఇప్పి దానికి అంగీ కుట్టింది.
గల్లీ పిల్లలు "కౌన్సిలర్ సాబ్" అని ఎంటవడ్డరు.
మా రేకుల షెడ్డు కింద పగటీలి పెనమే,
అందుకే పెరట్ల నాలుగు గుంజలు పాతి
రెండు బొక్కలు వడ్డ పచ్చ షామియానా కట్టిన.

ఆ నెలంత ముహూర్తాలు.
గోదాంల ఒక్క గుడ్డ మిగలలే.
రోహిణి నడిమిట్ల, పొద్దుగాల తొమ్మిదింటికి
కొట్ర దిక్కు నుంచి ఒక పిల్లగాడొచ్చిండు.
"మా నాయిన ఆశన్న. డాంబర్ పనికి వోతుండె.
ఎండదెబ్బ. రాత్రి..."
ఒక్క టెంట్ గావాల్నన్నడు.
లేదని నోరు తెరిచిన,
వాని చూపు పెరట్లకు వోయింది. నాది గూడ.
సుద్ద ఒక కన్ను తెరిచి మూసింది.

తాళ్లిప్పిన.
ట్రాలీ ఆటోల గుడ్డ ఏసిన్నో లేదో
దుంకి దాని మీదనే పండింది.
దించలే నేను.
దాని నీడ యాడికి వోతే ఆడికి.

ఆశన్నను చాప మీద పండవెట్టిన్రు.
ముప్పై ఏండ్లు మండే రోడ్డు మీద నడిచిన పాదాలు,
మడిమెలు పగిలి నెర్రెలు.
ఒక మూలకు జాకెట్ తొడుక్కున్న కుక్క.
ఎవలు అదిలించలే, ఎవలు నవ్వలే.

పొద్దు వాలింది, నీడ తూర్పుకు జరిగింది.
సుద్ద లేసి రెండడుగులు జరిగి పండింది.
దాన్ని చూసి ముసలోల్లు జరిగిన్రు.
ఎవలో అన్నరు, ఆయన కాళ్లకు ఎండ వస్తున్నదని.
నలుగురు వట్టి చాప జరిపిన్రు.

గుడ్డ బొక్కల నుంచి రూపాయి బిళ్లంత ఎండ
పాకుకుంట పాకుకుంట వచ్చి
సుద్ద చెవి మీద నిలవడ్డది.
ఆశన్న పెండ్లాం ముత్తమ్మ
ఏడ్పు ఆపకుండనే, అటు చూడకుండనే
దానికి అరచెయ్యి అడ్డం వెట్టింది.

మిరుగానికి బొచ్చు మళ్ల వచ్చింది.
ఎడమ చెవి కొస రాలే, రాదు.
గుడ్డ పెరట్లనే ఉన్నది.
బొక్కలు కుట్టాలె.
సూది దారం అలివేలు ముందలనే వెట్టిపోయింది,
నాకే చెయ్యి వస్తలేదు.