పీతబొక్క

ముప్పై ఒక్క ఏళ్ల బండి.
ముమ్మిడివరం డాక్టరు గారు వాడి వదిలేస్తే
రిటైర్మెంటు డబ్బుల్లో చిటికెడు తీసి కొనుక్కున్నాను.
పరిగెడితే పేచీ లేదు.
రావులపాలెం బ్రిడ్జి మీద లారీ పక్కన కూడా
గుట్టుగా పోతుంది.
నిలబెడితేనే.

సందు మలుపులో ఆపామా,
చలిజ్వరం వచ్చినట్టు ఒకటే వణుకు.
అద్దంలో వెనక బండి రెండుగా కనబడుతుంది.
డాష్‌బోర్డు మీద పెట్టిన కళ్లజోడు
నడుచుకుంటూ వచ్చి ఒళ్లో పడుతుంది.
ఎక్కడ ఆరిపోతుందోనని
ఎడంకాలితో క్లచ్చి, కుడికాలితో రేసు
నాటకాల హార్మోనిస్టులా తొక్కుతూ కూర్చోవాలి.

కొత్తపేటలో కొబ్బరి డొక్కల కుప్ప పక్కన
ఏసుదానం షెడ్డు.
ప్లగ్గులు మూడూ విప్పి వెలుతురుకి పెట్టాడు.
"తెల్లగా ఉన్నాయండి. ఆకలి మీదుంది ఇంజను."
కొత్తవి వేశాడు.
కార్బరేటరు విప్పి, జెట్టులో సన్న రాగితీగ పోనిచ్చి,
పెట్రోలుతో కడిగి, ఊది,
పాయింట్లకి గరుకు కాగితం రాసి,
చివరికి ఐడిలింగు స్క్రూ బిగించాడు.
మూడ్రోజులు. రెండు వేల ఆరొందలు.
వణుకు పోలేదు,
గట్టిగా వణకడం నేర్చుకుంది.

నేను లొల్ల లాకుల మీద
ముప్పైమూడేళ్లు లస్కరుని.
షట్టరు ఎంత లేపితే ఎంత నీరు పోతుందో
రిజిస్టరులో ఉండేది కాదు, అరిచేతుల్లో ఉండేది.
శివారు చేను ఎండితే రైతు ముందు నన్నే తిడతాడు,
ఇంకో రెండంగుళాలు లేపవయ్యా అని.
లేపితే పై చేను మునుగుతుంది,
శివారు ఎండుతూనే ఉంటుంది.
లోటు షట్టరులో లేదు.
గట్టులో ఎక్కడో
పీత ఒకటి ఇల్లు కట్టుకుని ఉంటుంది.
పగలు వెతికితే దొరకదు.
రాత్రి లాంతరు తగ్గించి
గట్టు మీద గొంతుక్కూర్చుని
నీళ్లు గొంతు మార్చి మాట్లాడే చోటు వినాలి.

"ఆ కంప్రెసరు ఆపించు, ఏసుదానం.
పండూ, నీ పాటలు కూడా."
బోనెట్టు కిందకి తల దూర్చాను.
వేడి. పెట్రోలు వాసన. మూడు సిలిండర్ల దడదడ.
దాని వెనకాల సన్నగా,
కారం తిన్నవాడు పళ్ల సందున గాలి పీల్చినట్టు
ఇస్‌స్‌స్.

మానిఫోల్డు నుంచి వంగి పోయే నల్ల రబ్బరు గొట్టం.
వంపు అడుగున, చూపు ఆనని పక్క,
గోరంత చీలిక.
గట్టులో నీరు బయటికి పోతుంది,
ఇక్కడ గాలి లోపలికి.
బొటనవేలు అడ్డం పెట్టాను.
లేగదూడలా చర్మాన్ని చప్పరించింది.
బండి
ఊగడం
మానేసింది.

ఏసుదానం చెవి మీది బీడీ తీసి
మళ్లీ చెవి మీదే పెట్టుకున్నాడు.
"దొంగగాలి," అన్నాడు కాసేపటికి.
"పెట్రోలు తక్కువైందనే చూశానండి.
గాలి ఎక్కువైందని చూళ్లేదు."

గొట్టం నలభై రూపాయలు.
అది వేయగానే ఇంజను తిట్టినట్టు అరిచింది.
లోటు పూడ్చాలని తిప్పిన తిప్పులన్నీ
ఇప్పుడు వెనక్కి తిప్పాలి.
మిక్చరు స్క్రూ మొత్తం మూసి, ఒకటిన్నర చుట్టు తెరిచి,
పావు చుట్టు, పావులో సగం,
ఉండు, కొంచెం, ఆఁ... అక్కడ.
స్క్రూడ్రైవరు అతని చేతిలో, చెవి నాది.
ఎయిర్‌ఫిల్టరు మూత మీద పండు పెట్టిన టీకి
మీగడ కట్టింది.

డబ్బులన్నీ వెనక్కిస్తానన్నాడు. వద్దన్నాను,
ప్లగ్గులు కొత్తవే కదా.
మూడొందలు మాత్రం తీసుకున్నాను, అబద్ధమెందుకు.

వచ్చేటప్పుడు లాకుల దగ్గర గట్టు వారన నిలిపాను,
ఇంజను కట్టకుండా.
కొత్త లస్కరు సత్తిపండు
సెల్లు జేబులో కుక్కుకుంటూ వచ్చాడు.
"ఏవండీ బాబాయ్, ఆగిపోయిందా?"
"లేదురా. ఆగుతోంది."
వాడికి అర్థం కాలేదు.
నడిమి షట్టరు ఒక పళ్లు ఎక్కువ లేపాడు వెధవ,
చప్పుడే చెబుతోంది. ఏమీ అనలేదు.

పెట్రోలు దండగ, తెలుసు.
కాళ్లు రెండూ కింద పెట్టుకుని
ఇంకో ఐదు నిమిషాలు కూర్చున్నాను.