ఎన్ని కప్పులు

కర్నూలు పెద్దాసుపత్రి గేటు ముందర
మద్దిలేటి బండి మీద స్టవ్వు ఆరదు.
కడుపులో మూడొంతులు కోసి తీసేసినాక కూడా
తెల్లారి నాలుగున్నరకే పాలు పొంగిస్తాడు.

రెండో అంతస్తులో నా పని వేరు.
ఎప్పుడో, ఏ దేశంలోనో పోయిన మనిషి
కడుపులోంచి తీసిన క్యాన్సరు కణాలు
ఇంకా చావలేదు. వాటిని సాకుతాను.
ముప్పై ఏడు డిగ్రీలు, గీత తగ్గకూడదు.
రోజు మార్చి రోజు గులాబి రంగు మేత.
ఆదివారమూ వస్తాను.
కరెంటు పోతే ముందు జనరేటరు దగ్గరికి ఉరుకుతాను,
ఆ తర్వాతే ఇంట్లో చంటిదాని కోసం ఫోను.

సాకేది చంపడానికే.
కాఫీలో నిద్రని చెరిపే ముక్క,
తెల్లటి పొడి, వట్టి చేదు, కెఫీన్.
కొంచెం కొంచెం పెంచుకుంటూ పోస్తాను.
మొదటి గిన్నెలో ఏమీ కాదు.
రెండో దాంట్లో కాస్త బద్ధకం.
నాలుగో గిన్నెలో, రెండు రోజులు గడిచాక,
అడుగుని కరుచుకున్నవి పట్టు వదిలి
గుండ్రంగా ముడుచుకొని తేలతాయి
ఉగ్గానికి నానబోసిన బొరుగుల్లాగా.

ఎవరు మోసుకెళ్లారో, మాట కిందికి దిగింది.
"ఏం మేడం, కాఫీ పోస్తే ఆ రోగం సస్తాదంట గదా?
ఇరవై రెండేండ్లు టీ అమ్మితి.
కాఫీ అమ్మింటే బతుకుతాంటినేమో."
నవ్వి, కుట్లు లాగితే పొట్ట పట్టుకున్నాడు.
టీలోనూ ఉంటుంది మద్దిలేటీ, అన్నాను.
"మరి నేను తాగిందంతా యాడికి పాయ?"

ఆ రాత్రి ఫోనులో లెక్క కట్టాను.
నాలుగో గిన్నెలోని చేదు
ఒక మనిషి నెత్తుట్లోకి ఎక్కాలంటే
ఒక్క కూర్చోలో వంద కప్పులు.
కాదు, రెండొందలు దాటి.
పుండు కంటే ముందు గుండె ఆగుతుంది.

నీళ్లు కలపకుండా చెప్పాను.
గ్లాసులు కడుగుతూ విన్నాడు.
"అంటే నీ గిన్నెలో దానికి
గుండె లేదు గాబట్టి సరిపాయ."

ఇప్పుడతనికి పూటకి నాలుగు చెంచాల గంజి.
మందులకి నాలుక చచ్చింది, ఏది తిన్నా ఇనుము రుచి.
అందుకే మూడు గంటలకి, గిరాకీ మొదలవక ముందు,
తొలి గ్లాసు నాకు చాపుతాడు.
"చక్కెర సూడు మేడం."

హంద్రి వైపు నుంచి సెగ గాలి.
ఈరోజు అసలు చక్కెరే వెయ్యలేదు.
అడుగుదాకా తాగేసి
ఇంకొక్క చెంచా పడాల, అన్నాను.

పైన మేత టైము దాటిపోతోంది.