ఎండిన ఏరుకి మా దగ్గర మాట లేదు

ఓడ్రీ కెల్సో మొదటి నవల దొరికినప్పుడు
దానికి అట్ట లేదు.
కోటిపల్లి రేవులో పంటెక్కే తొందరలో ఎవరో తెల్లాయన
టీకొట్టు బల్ల మీద వదిలేసి పోయాడు.
మంగాయమ్మ మొదటి పద్నాలుగు పేజీల్లో
అప్పటికే గారెలు చుట్టి అమ్మేసింది.
పదిహేనో పేజీ నుంచి చదివాను.
ఆమె రచనా జీవితం నాకు అక్కణ్ణించే మొదలు.

నేను బొబ్బర్లంక లాకుల దగ్గర గుమాస్తాని.
పొద్దున్నా మధ్యాహ్నం సాయంత్రం
గోదారి ఎన్ని అడుగులుందో పుస్తకంలో ఎక్కించడం నా పని.
మిగిలిన కాగితాల మీద
ఆమెని తెలుగు చేశాను.

ఆమెది వాన మర్చిపోయిన నేల.
ఇనప తొట్లు, గొర్రెల కొట్టాలు, నాలుక వేలాడేసిన కుక్కలు,
ఇంటికీ ఇంటికీ నడుమ నలభై మైళ్ళు.
మాకేమో గుమ్మం దిగితే బోదె, గట్టు దిగితే మడుగు.
పోటు నీరు, పాటు నీరు, ఊట నీరు, ఎర్ర నీరు,
ఇన్ని పేర్లున్న చోట
ఎండిన ఏరుకి ఒక్క మాట లేదు.
వారం రోజులు ఆ వాక్యం దగ్గరే కూచున్నాను.

అనంతపురం నుంచి బదిలీ మీద వచ్చిన ఓబుళేసు
క్యారేజీ మూత తీస్తూ అన్నాడు:
"వంక అని రాయి. ఎండిన వంక."
మా వైపు వంకంటే సాకు.
నీళ్ళు రాకపోవడానికి ఏరు చెప్పే సాకు.
అదే రాశాను.

రెండో నవలకి తొమ్మిదేళ్ళు పట్టింది ఆమెకి.
ఆ తొమ్మిదేళ్ళూ ఏదో ఆస్పత్రిలో టైపు కొట్టిందట,
నాలుగో నవల వెనకట్ట మీద చూశాను.
మూడోదానికి బహుమతి వాకిలిదాకా వచ్చి వెనక్కి పోయింది.
ఫోటోలో చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక
కుర్చీని పట్టుకుని నిలబడింది.
నాలుగోది వచ్చాక, రాసిందే రాస్తోందన్నారు.
గేజి పుస్తకం రాసేవాళ్ళని
ఆ మాట ఎవరూ అనరు.

రాజమండ్రిలో మూడొందల కాపీలు వేయించాం.
తొంభై పోయాయి.
మిగతావి మా అటక మీదున్నాయి, వరద అందని చోట.

అయిదో నవలలో వరద రాసింది.
ఆమె వరద చూడలేదని మూడో పేజీకే తెలిసిపోయింది.
ఆమె వరద గర్జిస్తుంది.
వరద గర్జించదు.
అర్ధరాత్రి మంచం కిందికి చెయ్యి జారితే
వేళ్ళు తడుస్తాయి, అంతే.

అందుకని ఒక్క వాక్యం, ఒక్కటే, నాది కలిపాను.
ఎనభయ్యారులో పాక కప్పు మీంచి నేను చూసింది.
ఆమె నీలగిరి చెట్టు మీదికి
మా లంక పాముల్ని ఎక్కించాను:
'కొమ్మల నిండా పాములు, ఒకదాన్నొకటి పట్టించుకోకుండా,
నీళ్ళకేసి చూస్తూ.'

కాకినాడ విమర్శకుడొకాయన రాశాడు:
పరాయి దేశపు రచయిత్రి చూపు ఎంత పదునో
పాముల వాక్యం ఒక్కటి చాలు.
ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
సిగ్గుతోనే అంటే అబద్ధం.

తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాశాను.
పదకొండు వారాలకి జవాబొచ్చింది.
పలకరింపు లేదు, కోపం లేదు, కింద సంతకమైనా లేదు.
"ఎన్ని పాములు?"

ఆ వరదలో మమ్మల్ని దాటించిన
కొల్లాటి దుర్గయ్యని అడిగాను.
"లెక్కెట్టడానికి అయ్యేవన్నా కొబ్బరికాయలేంటమ్మా?"
గెడ వేస్తూ కాసేపు మాట్లాడలేదు.
అవతలి రేవు దగ్గరపడ్డాక అన్నాడు:
"నాలుగు. అందులో ఒకటి చచ్చింది.
చచ్చినా కొమ్మ వదల్లేదు."

ఆరో నవల ఇంకా రాలేదు. ఆమెకి డెబ్భయ్యెనిమిదిట.
ఇవాళ పొద్దున్న పదకొండున్నర అడుగులు, పెరుగుతోంది.
గేజి రాసి, అదే పెన్నుతో ఆమెకి రాశాను:
నాలుగు.

చచ్చినదాని సంగతి చెప్పలేదు.
అది నాకుంచుకున్నాను.