తొమ్మిదో పూస

ఫిదెన్సియోని నేను చూడలేదు.
చూసింది, అతని తొమ్మిదో వెన్నుపూస నుంచి
సూది తెచ్చిన మెంతిగింజంత ముక్కని,
బేకర్స్‌ఫీల్డ్ ఆసుపత్రి నేలమాళిగలో.

పిస్తాచెట్లు దులిపే మనిషి.
నడుం పట్టేసిందన్నారు మొదట. బెల్టు ఇచ్చారు.
రాత్రుళ్ళు దిండు తడిస్తే ఎండాకాలం కదా అన్నారు.
తర్వాత క్షయ అన్నారు;
మూడు నెలలు నారింజరంగు మూత్రం పోశాడు,
నొప్పి మాత్రం ఒక మెట్టు కిందికి దిగింది.
బూట్లు వేసుకోబోతే
కాలివేళ్ళు ఇంకెవరివో అనిపించిన రోజున
ఎమ్మారై సొరంగంలోకి తోశారు.

చెదలు తిన్న గుమ్మంలా ఉంది ఆ పూస.
వెనకే వెన్నుపాము
నలిగి, బుస మానేసి.

ముక్కని వెండిద్రావకంలో ముంచి కాచుకున్నాను.
పచ్చటి నేల మీద నల్లటి గుండ్రాలు,
ఒక్కోదాని కడుపునిండా దానిమ్మలా గింజలు,
ఒకటి అప్పుడే పగిలి చిమ్ముతూ.
అందంగా ఉంది.
ఆ మాట పైకి అనలేదు.

మిగతా ముక్క పళ్ళెంలో ఐదోరోజుకి
దూదిలా తెల్లగా లేచింది.
మూత తీస్తే నా ఊపిరిలోకీ ఈ లోయ ధూళే.
చుట్టూ టేపు వేసి, ఎర్రసిరాతో రాసి,
చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.
మా లోలో డెలానోలో ద్రాక్ష కోసి
బతికినన్నాళ్ళూ దగ్గాడు.
ఎవరూ ముక్క తీసి చూడలేదు.

మిశ్తెకో భాషలో చెప్పడానికి ఒదీలియా వచ్చిందట.
బూజుకి మాట దొరక్క
వానకి మొలిచే కుక్కగొడుగు అందట.
"నా ఒంట్లో వాన ఎప్పుడు పడింది?" అన్నాడట.

కుళ్ళింది తోడేసి టైటానియం పంజరం పెట్టారు,
పైనా కిందా మరలు బిగించారు.
పసుపుపచ్చ మందు వారాల తరబడి నరంలోకి.
చలికి మంచం గలగలలాడేదని నర్సు చెప్పింది;
అతని మూత్రపిండాల లెక్క పొద్దున్నే నా బల్ల మీద.
ఆ తర్వాత మాత్రలు, అన్నం తిన్నాక, కోలాతో.
ఎన్నాళ్ళని అడిగితే
డాక్టర్ వార్తానియన్
"పళ్ళు తోముకున్నన్నాళ్ళూ" అందట.

మూడు నెలలకోసారి రక్తం వస్తుంది.
రెండువందల యాభయ్యారు.
నూట ఇరవయ్యెనిమిది.
మళ్ళీ రెండువందల యాభయ్యారు
(పని లేని చలికాలం, మాత్రలు సగం చేసి మింగాడట).
అరవై నాలుగు.
పదహారు.
అక్కడే ఉంది ఏడాదిగా.

నిన్న వాస్కో దారిలో
తోట పక్క మట్టిబాటని తడుపుతూ నీళ్ళ ట్యాంకరు.
నడిపేవాడు ఇనుపకడ్డీ మింగినట్టు కూర్చున్నాడు,
పక్కకి చూడాలంటే ఒళ్ళంతా తిప్పాడు.
అతనే అని చెప్పలేను.
నాకు తెలిసింది పూస ఒక్కటే, మొహం కాదు.

కారు అద్దం ఎత్తబోయి
ట్యాంకరు వెనకాలే వెళ్ళాను కాసేపు,
తడి ఉన్నంత మేర.