గాటు

చింతపండేసి తోమి తెచ్చింది కుర్మమ్మ.
మక్తల్ బస్సు దిగి, కొంగు ముడి విప్పి
నా అద్దాల బల్ల మీద పెట్టంగనే
కొత్త చెంచా లెక్క తళుక్కుమన్నది.
"రాత్రంత తోమిన సారూ,
జర మంచి ధర కట్టు."

నారాయణపేటల గడియారాలు బాగుచేసుడు నా పని.
పాత బిళ్లలు చూసుడు నా యావ.
ఆమెకెట్ల చెప్పాలె?
ఎనభై ఏండ్లు గురిగిల, జొన్నల అడుగున
చీకట్ల కూసొని
వెండి తనకు తానే కప్పుకున్న నలుపు,
అంచులకు నీలం, నడుమ జర పొగరంగు,
కొనేటోళ్లు వెతికేది దాన్నే.
"నలుపుకేనమ్మా పైసలు" అన్న మెల్లగ.
ఆమె తన రెండు చేతులు తిప్పి చూసుకున్నది.
"గట్లయితే నన్నెవ్వలు కొనలేదేంది ఇన్నొద్దులు?"
అని పక్కున నవ్వింది.
నాకు నవ్వు రాలే.

కంటికి భూతద్దం ఇరికించుకొని
అంచులు పట్టి ఎత్తిన.
పైకి లేచినయే ముందు అరుగుతయి:
మినార్ల కొసలు పోయినయి,
గుమ్మం దక్కింది.
గుమ్మంల ఒక్క అక్షరం నిలవడ్డది.
సగమా, నిండా అని దీపం తిప్పితిప్పి చూసిన.
నిండుగనే ఉన్నది.
నా గుండె ఒక ముల్లు ముందుకు జరిగింది.
కాంటా మీద పది పాయింట్ ఎనిమిది.
షాబాద్ బండ మీద వదిలితే
కంగుమని, ఆ కంగు తోక
పక్క దుకాణం దాంక పోయింది.

గప్పుడు కనవడ్డది.
సంవత్సరం అంకెల కింద, అంచుకు ఆనుకొని
గోరు గిచ్చినంత
వంకర గాటు.

పుస్తకం ఏమంటదో నాకు నోటికొచ్చు.
సరాఫు గాటుంటే తరగతి ఒక మెట్టు దిగాలె.
తోమినదానికి ఇంకో మెట్టు.
మెట్లు దిగుకుంట దిగుకుంట పోతే
చివరికి మిగిలేది
కరగబెడితే వచ్చే వెండి ధర.

సొరుగు గుంజిన.
స్ప్రింగులు, తెగిన పట్టీలు, ఆగిపోయిన మూడు అలారాలు,
అన్నిటి కింద మా తాత మోనాచారి ఉలి.
దాని మొన గాటుల పెట్టిన.
తాళంల చెవి లెక్క కూసున్నది.

ఒకప్పుడు అంగడి రోజు
గోనెపట్టా మీద కూసొని
తాత రూపాయినీ మనిషినీ ఒకే తీరు చూసేటోడంట.
లోపట రాగి ఉన్నదా అని ఒక్క గాటు,
లేదంటే ఇగ ఎవ్వలూ అడగకపోయేది.
మోనాచారి గాటు పడ్డదా, ఎంచకుంట తీసుకో.
ఆ గాటుతోనే దీని విలువ పెరిగింది.
ఆ గాటే ఇయ్యాల నేను కోసేస్తున్న సగం ధర.

"దూడనమ్మితే వచ్చిందంట మా అత్త తల్లికి"
కుర్మమ్మ చెప్పుకుంటనే ఉన్నది.
"కొన్నోని మీద నమ్మకం లేక
అవుసులాయనకు చూపిచ్చిందంట.
ఆయన గంటు వెట్టి, అసలుదేనమ్మా అన్నడంట.
ఇంట్ల పరీచ్చ పాసయింది గిదొక్కటేనని
కరువొచ్చినా ఖర్చు వెట్టలే."

ఉలిని అరచేతుల దాచుకున్న.
ఎందుకో నాకే తెల్వదు.
ధర చెప్పిన. తక్కువనే చెప్పిన,
అబద్ధం మాత్రం చెప్పలే.
ఆమె బేరమాడలే.
"గింతేనా" అని గూడ అనలే.
రూపాయి తీసి మల్ల కొంగుకే కట్టుకున్నది.

"తోమకు ఇగ" అన్న.
"తోమ."
గడప దాటి, ఆగి, తిరిగి చూసింది:
"మల్ల నల్లవడనీకి ఎన్నేండ్లు వడ్తది సారూ?"

గోడ మీద పదకొండు గడియారాలు
పదకొండు రకాలుగ కొట్టుకుంటున్నయి.
లెక్క కట్టవోయిన.
మక్తల్ బస్సొచ్చింది.