ఫైలు కనబడుటలేదు

ఫారో దీవుల్లో క్లాక్స్‌విక్ రేవు. చేపలు తూచే గది.
రన్వా మీట నొక్కితే కంప్యూటర్
గొంతు సవరించుకుని రోజూ ఒకటే మాట:
"ఫలానా ఫైలు కనబడుటలేదు."
సరే అంటుంది. 'సరే' నొక్కుతుంది.
నాలుగేళ్లుగా.

ఇవాళ పడవలు రాలేదు. ఒకటే గాలి.
కుర్చీ దగ్గరికి లాక్కుని
దాని పుట్టుపూర్వోత్తరాలు తీసింది.

పాత కాటా తాలూకు ఫైలట అది.
కాటా తుప్పుపట్టి ఎప్పుడో పోయింది,
దాన్ని నడిపిన సాఫ్ట్‌వేరూ తుడిచేశారు.
తెల్లారగానే పిలవాల్సినవాళ్ల చిట్టాలో
పేరు మాత్రం ఎవరూ కొట్టేయలేదు.
పిలుస్తోంది పాపం,
పలికే దిక్కు లేక ఈమెకు చెప్పుకుంటోంది.

ఎక్కడో వెతికి ఆ ఫైలు తెచ్చి పెట్టమన్నాడు
ఫోన్లో మేనల్లుడు బార్దూర్.
ఊరూపేరూ లేనిది తెచ్చుకుంటే ఏ రోగమొస్తుందో!
పిలుపే మానిపిద్దామనుకుంది.
ఆ పేరు ముందున్న టిక్కు తీసేసింది.
అంతే పని.

మర్నాడు తెర తిన్నగా తెరుచుకుంది,
నీలంగా, మాటా పలుకూ లేకుండా.
బయట కాడ్ చేపల తొట్లు దించుతున్నారు.
రన్వా వేలు
'సరే' ఉండే చోటికి వెళ్లి
నొక్కడానికేమీ లేక
కాసేపు అక్కడే ఉంది.