లస్కరు

మా నాన్న కాలవల డిపార్టుమెంటులో లస్కరు.
ఖాకీ చొక్కా, టార్చిలైటు,
మొలతాటికి వేలాడే తూము తాళంచెవి,
అర కిలో ఇనుము.
లస్కరంటే ఒకప్పుడు సైన్యమట,
లైబ్రరీ నిఘంటువులో చూశానని చెబితే
పిక్క మీది జెలగని పీకి గట్టుకేసి రాస్తూ నవ్వాడు.
"సైన్యమా! అయితే జీతం పెంచమను."

ఆ ఏడు దాళ్వాకి
ధవళేశ్వరం దగ్గర గోదారి ఇసక తేలింది.
వంతులేశారు: ఎగువకి నాలుగు రోజులు, శివారుకి మూడు.
కాగితం మీద కాలవ నిండుగా పారింది.

మూడో రాత్రి శివారు నుంచి గునపాలొచ్చాయి.
ఎగువ నుంచి పంపుసెట్టు రాడ్లు.
ఈ గట్టున కడలి పెద్దిరాజు, ఆ గట్టున గుబ్బల సూరన్న,
కిందటి వరదలో
ఒకే నావ మీద గేదెల్ని దాటించినవాళ్ళు.

నాన్న తాళంచెవి నా లాగూ జేబులో పడేసి
తూము చక్రమ్మీద ఎక్కి కూచున్నాడు.
చుట్ట మూడో అగ్గిపుల్లకి అంటుకుంది.
"దిగి చూడండయ్యా, చీలమండ లోతు లేవు.
తలుపెత్తినా దించినా ఎవరి మడీ తడవదు."

ఎవరూ దిగలేదు.
నీళ్ళ కోసం వచ్చిన అంతమందిలో
ఒక్కడూ వంగి నీళ్ళకేసి చూళ్ళేదు.
మొదటి దెబ్బ నాన్న భుజానికి,
రెండోది సూరన్న దవడకి,
ఆ తర్వాత నేను కళ్ళు మూసుకున్నాను.

అమలాపురం ఆస్పత్రిలో పక్కపక్క మంచాలు.
సూరన్న సెలైను అయిపోతే
నర్సుని కేకేసింది పెద్దిరాజే.
ఇంక గొడవల్లేవనుకున్నాను.
మళ్ళీ దాళ్వాకి కొలిమి దగ్గర
ఇద్దరి గునపాలూ ఒకే నిప్పులో ఎర్రగా కాలుతున్నాయి.

ఎందుకు నాన్నా?
"నీళ్ళు చాలకే అయితే
కార్తీకంలో ఎందుకు కొట్టుకుంటార్రా?
అవతలోడి చేను తడిగా అగుపడితే
మన చేను ఇంకో బీట తీస్తది."
మరెప్పటికీ ఇంతేనా?
భుజానికి ఆముదం రాయమని వీపు తిప్పాడు.
"ఎప్పటికీ అనేది ఏ వంతులోనూ రాయలేదు.
ఈ రాత్రికి నేను మేలుకుంటా. నువ్వు పడుకో."

నాన్న పోయాక ఆ పోస్టు నింపలేదు.
తాళంచెవి మా చూరులో ఉంది.
తూముకి తలుపే లేదు.
అయినా ఫాల్గుణం రాగానే నాకు నిద్ర పట్టదు.
సైకిలేసుకుని వెళ్ళి ఆ తుప్పుచక్రం పక్కన కూచుంటాను.

నిన్న రాత్రి అవతలి గట్టు మీద చుట్ట నిప్పొకటి.
"ఎవరది?" అన్నాను.
జవాబు లేదు.
కాపలాకొచ్చాడో, గునపం తెచ్చాడో.
తెల్లారేదాకా ఆ నిప్పు అక్కడే ఉంది.
నేనూ ఉన్నాను.